కంప్యూటరుకు వంటచీటీ

బర్కత్‌పురలో చమన్‌కు దగ్గరగా ఒక సందులో మా అక్కయ్యగారి ఇల్లు వున్నది. ఆ ఇంట్లో తాతగారికి డెబ్బయి ఏళ్ళు నిండుతున్నవి. భీమరథ శాంతి చేయించాలని అందరూ నిశ్చయించారు. ఒక ఆదివారం ఉదయం వంటాయన వచ్చి హాల్లో కూర్చున్నాడు. నేనూ ఆ పూట అక్కడే వున్నాను.

వంటాయన వస్తూనే గరిటె పట్టలేదు. ముందు ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"భోజనానికి ఎంతమంది వస్తారమ్మా?"

"నూటయాభై మంది," అన్నది అక్కయ్య.

"ఉల్లి, వెల్లుల్లి వుండవచ్చునా?"

"వద్దండీ. శాంతినాటి వంట."

"తీపి ఒకటా, రెండా?"

"రెండు. పూర్ణాలూ, చక్రపొంగలీ."

వంటాయన ఒక చీటీ మీద అన్నీ రాసుకున్నాడు. పూర్ణాలు అనగానే, ఎవరూ చెప్పకుండానే శనగపప్పూ, బెల్లమూ చీటీలోకి ఎక్కినవి. ఉల్లి వద్దన్నారు కాబట్టి ఉల్లిపకోడీ సంగతి ఆయన అసలు అడగనే లేదు. పావుగంటలో చీటీ పూర్తి అయింది. పొయ్యి ఇంకా వెలిగించలేదు, కాని వంటంతా ఆ చీటీలో వున్నది!

ఇంతలో పక్కగదిలోనుంచి మా మేనల్లుడు కేకవేశాడు. వాడు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు.

"మామయ్యా! ఇక్కడ కంప్యూటరు కూడా ఆయనలాగే అడుగుతున్నది, వచ్చి చూడు!"

వెళ్ళి చూశాను. వాడి ఎదుట ఒక పాత లాప్‌టాప్ వున్నది. నల్లని తెరమీద బొమ్మలు లేవు. అక్షరాలూ, గీతలతో గీసిన ఒక పట్టికా మాత్రం వున్నవి. ఇట్లా అక్షరాలతోనే కంప్యూటరుతో మాట్లాడే తెరను టెర్మినల్ అంటారు. పట్టికలో వరుసకు ఒక ప్రశ్న, ప్రతి ప్రశ్న ముందూ ఒక చిన్న గడి.

"ఏమి చేస్తున్నావురా?" అని అడిగాను.

"కంప్యూటరు నిదానంగా నడుస్తున్నది మామయ్యా. దీనికి కొత్త కెర్నెలు తయారుచేస్తున్నాను. నాకు కావలసినవి వుంచి, అక్కరలేనివి తీసేస్తాను," అన్నాడు వాడు గర్వంగా.

గుమ్మంలో నిలబడిన వాడి అక్క వెంటనే అన్నది: "నా నోట్సు అంతా అందులోనే వున్నది. పదిహేను రోజుల్లో పరీక్ష. ఏమన్నా అయిందో, నిన్ను వదలను!"

ఆ అమ్మాయి ప్రభుత్వోద్యోగం పరీక్షకు చదువుతున్నది. పొద్దున్నే చిక్కడపల్లిలో వున్న నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళి, సాయంత్రం దాకా చదివి, రాత్రి ఇంటికి వచ్చి ఆ లాప్‌టాప్‌లో నోట్సు రాసుకుంటుంది. ఏడాది కష్టమంతా అందులోనే వున్నది. ఆ నోట్సుకు ఇంకొక నకలు వున్నదా అని నేను అప్పుడే అడగవలసింది. అడగలేదు.

కెర్నెలు అంటే ఏమిటి?

పిల్లలూ! కెర్నెలు అంటే గింజలోని పప్పు. కంప్యూటరులో అన్నిటికన్న లోపల వుండి, అన్నిటినీ నడిపించే ప్రోగ్రాముకు ఆ పేరు పెట్టారు. మీరు ఒక మీట నొక్కితే అక్షరం తెరమీదికి రావటానికీ, డిస్కులో దాచిన పాఠం బయటికి రావటానికీ అదే మధ్యవర్తి.

మా మేనల్లుడు తయారుచేస్తున్నది లినక్స్ అనే కెర్నెలు. 1991లో, ఫిన్లండు దేశపు హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి దీన్ని మొదలుపెట్టాడు. మొదట అది సుమారు 10,000 పంక్తులు వుండేది. దాన్ని అందరూ చదువుకొనేటట్టు, మార్చుకొనేటట్టు బయట పెట్టాడు. దేశదేశాలవాళ్ళు తలా కొంచెం చేర్చగా చేర్చగా, ఇప్పుడది 3 కోట్ల పంక్తులు దాటింది.

మనుషులు రాసిన ఆ పంక్తులు కంప్యూటరుకు నేరుగా అర్థం కావు. వాటిని యంత్రపు భాషలోకి మార్చాలి. ఆ మార్పును కంపైలు చేయటం అంటారు. ఇట్లా మార్చిన ముక్కలన్నిటినీ కూర్చి, పనిచేసే ప్రోగ్రామును తయారుచేయటమే బిల్డ్. పంక్తులు బియ్యమూ పప్పూ అయితే, బిల్డ్ వంట అన్నమాట.

అయితే 3 కోట్ల పంక్తులూ ఒక్క కంప్యూటరుకు అక్కరలేదు. లోకంలో వున్న రకరకాల డిస్కులకూ, కెమేరాలకూ, ప్రింటర్లకూ కావలసినదంతా అందులో వున్నది. నీ ఇంట్లో వున్నవి ఏవో కంప్యూటరు ముందుగా తెలుసుకోవాలి. అందుకే, వంటాయనలాగా, పొయ్యి వెలిగించకముందే ప్రశ్నలు వేస్తుంది. అట్లాంటి ప్రశ్నలు 10,000కు పైగానే వున్నవి!

కాగితం మీది ప్రశ్నలు, తెరమీది ప్రశ్నలు

ఇన్ని ప్రశ్నలకు జవాబులు చెప్పేది ఎట్లా? పాత పద్ధతి ఒకటి వున్నది. "మేక్ కాన్ఫిగ్" అని టైపు చేస్తే, కంప్యూటరు ఒక్కొక్క ప్రశ్నే వేస్తుంది. జవాబు చెబితేనే రెండో ప్రశ్న. నూరో ప్రశ్న దగ్గర, "అయ్యో, పదోదానికి తప్పు చెప్పానే!" అనుకుంటే వెనక్కు పోవటానికి లేదు.

ఇట్లా అడగటం టెలిటైపు యంత్రాల కాలంలో పుట్టిన అలవాటు. అప్పటి టెర్మినల్‌కు తెర లేదు. టైపు మిషనులాంటి యంత్రం, దానిలో కాగితపు చుట్ట. కంప్యూటరు అడిగినదీ, మనిషి చెప్పినదీ ఒకదానికింద ఒకటి అచ్చుపడేవి. అచ్చుపడిన కాగితం మీదికి వెనక్కు వెళ్ళి దిద్దటం ఎవరికి సాధ్యం? మన హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థ టి.డి.సి. అనే పేరుతో కంప్యూటర్లు తయారుచేసినది ఆ రోజుల్లోనే.

తరువాత కాగితం పోయి తెర వచ్చింది. తెరమీద ఎక్కడికంటే అక్కడికి వెళ్ళి దిద్దవచ్చు. దానితో "మెనూకాన్ఫిగ్" అనే పద్ధతి వచ్చింది. ప్రశ్నలన్నీ గదులు గదులుగా విడదీసి పట్టికలో చూపిస్తుంది. బాణం గుర్తు మీటలతో పైకీ కిందికీ పోవచ్చు. తెలియని ప్రశ్న వస్తే ప్రశ్నార్థకం మీట నొక్కితే చాలు, దాని సంగతి వివరిస్తుంది. ఏటవాలు గీత మీట నొక్కి, కావలసిన ప్రశ్నను పేరుతో వెతకవచ్చు.

మా మేనల్లుడికి ఇక్కడ ఒక తమాషా జరిగింది. అక్షరాలు పెద్దవిగా కనిపించాలని టెర్మినల్‌లో అక్షరం సైజు పెంచాడు. వెంటనే మెనూకాన్ఫిగ్ మొరాయించింది! తెరమీద కనీసం 19 వరుసలూ, వరుసకు 80 అక్షరాలూ పట్టకపోతే అది తెరుచుకోదు. 80 ఎందుకు? 1928లో ఐ.బి.ఎం. కంపెనీ తెచ్చిన చిల్లుల కార్డులో 80 నిలువు వరుసలు వుండేవి. కార్డులు పోయినా ఆ లెక్క తెరలకు సంక్రమించింది. పాత ఇంటి గుమ్మం కొలత కొత్త ఇంటికి వచ్చినట్టు!

ఉప్పు, నెయ్యి, వద్దు

పట్టికలో కొన్ని గడులలో నక్షత్రం గుర్తు, కొన్నిటిలో "ఎమ్" అనే ఇంగ్లీషు అక్షరం, కొన్ని ఖాళీ.

"ఇవేమిట్రా?" అని అడిగాను.

"నక్షత్రం అంటే కావాలి. ఖాళీ అంటే వద్దు. 'ఎమ్' అంటే మాడ్యూల్. అదే సరిగా అర్థం కాలేదు," అన్నాడు వాడు.

"హాల్లో వంటాయనను చూడు. ఉప్పు ఎక్కడ వేస్తాడు? కూరలోనే వేసి కలిపేస్తాడు. నెయ్యి? విడిగా గిన్నెలో వుంచి, అడిగినవాళ్ళకు వడ్డిస్తాడు. నక్షత్రం పెడితే ఆ పని కెర్నెలులోనే కలిసిపోతుంది, ఉప్పులాగా. 'ఎమ్' పెడితే డిస్కులో విడిగా వుండి, అవసరం వచ్చినప్పుడు లోపలికి వస్తుంది, నెయ్యిలాగా."

వాడికి ఈ సంగతి చాలా నచ్చింది.

ఇంకొక వింత కూడా చూశాం. ఒక ప్రశ్నకు వద్దు అనగానే, దాని కిందవున్న పది ప్రశ్నలు మాయమయినవి. ఉల్లి వద్దంటే పకోడీ ప్రశ్న రానట్టే. ఇంకొక దానికి కావాలి అనగానే, దానికి అవసరమయినది ఒకటి తనంతట తానే ఎక్కింది. పూర్ణాల వెంట బెల్లం వచ్చినట్టే. ఏ ప్రశ్న దేనిమీద ఆధారపడి వున్నదో కెర్నెలు రాసేవాళ్ళు కీకాన్ఫిగ్ అనే ఫైళ్ళలో ముందే రాసి వుంచుతారు. 2002లో రోమన్ జిప్పెల్ అనే ఆయన తయారుచేసిన పద్ధతి ఇది.

చివరికి "సేవ్" అనగానే మన జవాబులన్నీ "డాట్ కాన్ఫిగ్" అనే ఒక చిన్న ఫైలులోకి చేరినవి. అదే వంటచీటీ! దాచుకుంటే మళ్ళీ పనికివస్తుంది. కొత్త కెర్నెలు వచ్చినప్పుడు ఈ పాత చీటీ చూపించి "ఓల్డ్‌కాన్ఫిగ్" అంటే, కొత్తగా చేరిన ప్రశ్నలు మాత్రమే అడుగుతుంది.

"మేక్" అని టైపు చేసి మా వాడు మీట నొక్కాడు. వంట మొదలయింది. పాత లాప్‌టాప్ కాబట్టి రాత్రంతా పట్టింది.

తాళంచెవి ఎక్కడ?

మర్నాడు ఉదయం మా వాడు కొత్త కెర్నెలును దాని చోట పెట్టి కంప్యూటరును మళ్ళీ మొదలుపెట్టాడు. తెరమీద పంక్తులు గబగబా పరుగెత్తినవి. ఒకచోట ఆగిపోయినవి. చివర "కెర్నెల్ ప్యానిక్" అనే మాటలు నిలిచినవి. ప్యానిక్ అంటే బెంబేలెత్తటం. ఏ మీట నొక్కినా చలనం లేదు.

అక్క పుస్తకాల సంచీ భుజానికి తగిలించుకొని గ్రంథాలయానికి బయలుదేరుతున్నది. తెర చూసి ఆగిపోయింది.

"నా నోట్సు?" అన్నది. ఆ పిల్ల గొంతు వణికింది. ఇంకొక నకలు లేదని అప్పుడు తెలిసింది నాకు.

తమ్ముడు తల వంచుకున్నాడు. "తప్పు చేశానక్కా," అన్నాడు.

ఆగిపోయిన చోట వున్న పంక్తి చదివాను. డిస్కును తెరవలేకపోతున్నానని కెర్నెలు చెబుతున్నది.

"డిస్కులో ఫైళ్ళను చదివే పని ఎక్కడ పెట్టావురా? ఉప్పులోనా, నెయ్యిలోనా?"

వాడు ఆలోచించాడు. "ఎమ్ పెట్టాను మామయ్యా. అవసరం వచ్చినప్పుడు వస్తుందిగదా అని."

"అది ఎక్కడనుంచి రావాలి?"

"డిస్కులోనుంచి..." అంటూనే వాడు నోరు తెరిచాడు. "అమ్మో! డిస్కు తెరవటానికి కావలసినది డిస్కులోనే వున్నది!"

"అదీ సంగతి! తాళంచెవి బీరువాలో పెట్టి, బీరువాకు తాళం వేశావు."

"మరి కెర్నెలు కూడా డిస్కులోనే వున్నదిగదా? అది ఎట్లా బయటికి వచ్చింది?" అని అడిగింది అక్క. మంచి ప్రశ్న! కెర్నెలు తనంతట తాను రాదు. బూట్ లోడర్ అనే ఇంకొక చిన్న ప్రోగ్రాము దాన్ని మోసుకువచ్చి వదిలిపెడుతుంది. దాని తాళంచెవి దాని దగ్గరే వున్నది; కాని దాన్ని కెర్నెలుకు ఇచ్చి పోదు. మామూలుగా మనకు వచ్చే లినక్స్‌లో ఈ చిక్కు లేకుండా, కావలసిన తాళంచెవులన్నీ ఒక చిన్న సంచీలో కట్టి కెర్నెలుతోబాటే పంపిస్తారు. మా వాడు ఆ సంచీ కట్టలేదు.

"అయితే నోట్సు పోలేదా?" అన్నది ఆ అమ్మాయి.

"బీరువా తెరుచుకోనంత మాత్రాన లోపలి చీరెలు పోతాయా?" అని, కంప్యూటరును ఆపి మళ్ళీ మొదలుపెట్టించాను. ఈసారి మొదట్లోనే ఒక చిన్న పట్టిక వచ్చింది. అందులో కొత్త కెర్నెలూ వున్నది, పాత కెర్నెలూ వున్నది. మా వాడు ఒక్క మంచిపని చేశాడు: కొత్తది పెట్టేటప్పుడు పాతదాన్ని చెరపలేదు. పాతదాన్ని ఎంచుకోగానే కంప్యూటరు ఎప్పటిలాగా లేచింది. నోట్సు ఒక్క అక్షరం చెదరలేదు.

ఆ రోజు ఆ అమ్మాయి గ్రంథాలయానికి గంట ఆలస్యంగా వెళ్ళింది. ఆ గంటలో చేసిన మొదటి పని, నోట్సంతా ఒక పెన్‌డ్రైవులోకి నకలు తీసి తన సంచీలో వేసుకోవటం.

రెండోసారి ఎందుకు త్వరగా అయింది?

సాయంత్రం మా వాడు ఆ ఒక్క "ఎమ్"నూ నక్షత్రంగా మార్చి, మళ్ళీ "మేక్" అన్నాడు. ఇంకొక రాత్రి పడుతుందని అనుకున్నాడు. కొద్ది నిమిషాల్లో అయిపోయింది! ఎందువల్ల?

"మేక్" అనేది అమెరికాలో బెల్ లేబొరేటరీలో పనిచేసే స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో తయారుచేసిన ప్రోగ్రాము. ఆయన సహోద్యోగి స్టీవ్ జాన్సన్ ఒకనాడు కోపంగా ఆయన గదికి వచ్చాడట. ప్రోగ్రాములో తప్పు వెతుకుతూ ఉదయమంతా వృథా చేశాడు. తీరా చూస్తే ఆ తప్పు అప్పటికే దిద్ది వున్నది. దిద్దిన ఫైలును కంపైలు చేయటం మరిచిపోయాడు, అంతే! ఇది మనిషి జ్ఞాపకానికి వదలవలసిన పని కాదని ఫెల్డ్‌మన్ అనుకున్నాడు. ఒక శని, ఆదివారాలలో మేక్‌కు రూపం వచ్చింది.

అది ఫైళ్ళ మీది వేళలు చూస్తుంది. వండినదాని కన్న ముడిసరుకు కొత్తదయితే దాన్ని మాత్రం మళ్ళీ వండుతుంది; మిగిలినవాటిని ముట్టదు. పులుసులో ఉప్పు తక్కువయితే వంటాయన పులుసు సరిచేస్తాడుగాని, పూర్ణాలు మళ్ళీ వండడుగదా! ఈ మేక్‌కుగాను 2003 సంవత్సరపు ఏ.సి.ఎం. సాఫ్ట్‌వేర్ బహుమానం ఫెల్డ్‌మన్‌కు లభించింది.

కెర్నెలుకే కాదు, ఇతర ప్రోగ్రాములకు కూడా ఇట్లాంటి ప్రశ్నల పట్టికలు వున్నవి. అమెరికాలోని కిట్‌వేర్ కంపెనీవాళ్ళు తయారుచేసిన సీమేక్ అనే సాధనం వాటిలో ఒకటి. మనిషి శరీరపు చిత్రాలను పరిశీలించే వైద్య సాఫ్ట్‌వేరు కోసం అది పుట్టింది. దాని పట్టికను టెర్మినల్‌లో చూపించేది సీసీమేక్. "సి" మీట నొక్కితే నీ జవాబులను సరిచూస్తుంది. ఒక జవాబు వల్ల కొత్త ప్రశ్నలు పుడితే వాటి పక్కన నక్షత్రం పెట్టి మళ్ళీ చూపిస్తుంది. కొత్త ప్రశ్నలేవీ మిగలనప్పుడు మాత్రమే, ఇక చీటీ రాయవచ్చునని "జి" అనే మీటను చూపిస్తుంది.

ఒకటే మూలం, వేరు వేరు చీటీలు

కొత్త కెర్నెలుతో మా వాడి కంప్యూటరు కొంచెం త్వరగా లేస్తున్నది. కాని పాతది కొత్తదయిపోలేదు. ఎక్కువ పేజీలు తెరిస్తే ఇప్పటికీ నిదానమే. కెర్నెలును చిక్కబరచినంత మాత్రాన చిన్న మెమరీ పెద్దది కాదుగదా! ఈ నిజం కూడా వాడు తెలుసుకున్నాడు.

మరి ఈ ప్రశ్నల వల్ల పెద్ద లాభమేమిటి? మీ నాన్నగారి జేబులో ఆండ్రాయిడ్ ఫోను వుంటే, అందులో వున్నది లినక్స్ కెర్నెలే. లోకంలోకెల్లా వేగమయిన 500 కంప్యూటర్ల జాబితాను ఏడాదికి రెండుసార్లు ప్రకటిస్తారు. 2017 నవంబరు నుంచి ఆ 500 కంప్యూటర్లలోనూ నడుస్తున్నది లినక్సే. 2021లో కుజగ్రహం మీద ఎగిరిన ఇంజెన్యుయిటీ అనే చిన్న హెలికాప్టరులో కూడా లినక్సే వున్నది. వీటన్నిటికీ మూలం ఒకటే. ప్రశ్నలకు చెప్పిన జవాబులు వేరు. అవే బియ్యమూ, పప్పూ, చీటీలు వేరు!

మీరు కూడా ఇది చూడవచ్చు. పెద్దవాళ్ళను అడిగి, లినక్స్ వున్న కంప్యూటరులో కెర్నెలు మూలాన్ని తెచ్చుకొని, మెనూకాన్ఫిగ్ తెరవండి. ఊరికే తెరిచి, ప్రశ్నలు చదివి, వివరాలు చూసి మూసేస్తే ఏ హానీ లేదు. మీరు రాసేది చీటీ మాత్రమే. వంట చేసి వడ్డించేదాకా కంప్యూటరులో ఏదీ మారదు. కాని వడ్డించబోయే ముందు మూడు సంగతులు మరిచిపోవద్దు. ముఖ్యమయిన ఫైళ్ళకు నకలు తీసి వేరేచోట దాచండి. తెలియని ప్రశ్నకు తోచిన జవాబు చెప్పకుండా వివరం చదవండి. కొత్తది నిలబడిందని తేలేవరకూ పాతదాన్ని తీసేయవద్దు.

భీమరథ శాంతి చక్కగా జరిగింది. నూటయాభై మందీ తృప్తిగా భోంచేశారు. వంటాయన వెళ్ళేటప్పుడు ఆ చీటీని మడిచి తన సంచీలో పెట్టుకున్నాడు.

"పని అయిపోయిందిగదా, ఇంకా ఎందుకండీ అది?" అని అడిగింది అక్కయ్య.

"మీ అమ్మాయికి ఉద్యోగం వచ్చిననాడు మళ్ళీ పిలవరాండీ? అప్పుడు కొత్త ప్రశ్నలు మాత్రమే అడుగుతాను," అన్నాడు వంటాయన.

"ఓల్డ్‌కాన్ఫిగ్!" అని అరిచాడు మా మేనల్లుడు. వంటాయనకు అర్థం కాలేదుగాని, ఇంట్లో అందరం నవ్వాం.